వెనక గేటు పక్కన పన్నెండు గదులు

నా తప్పు లేదని నేనెప్పుడన్నాను? అనలేదే. తప్పు నాదే, రాసిమ్మంటే రాసిస్తాను. కానీ "ఏరియా సరిగ్గా చూడకుండా కొనిపించినావు" అని మా ఆఫీసు వాళ్ళు, మా నాయన, నా రీల్స్ కింద కామెంట్లు పెట్టే పెద్దమనుషులు అందరూ ఒకే మాట పట్టుకుంటారే, అక్కడ నాకు ఒళ్ళు మండుతుంది. చూసినానప్పా. మూడు పొద్దున్లు రోడ్డు పక్కన నిలబడి, మెడలో ఐడీ కార్డు వేసుకొని పోయే ప్రతి మనిషినీ ఫోన్లో నొక్కి నొక్కి లెక్కబెట్టినాను. ఏ బ్రోకర్ చేస్తాడు ఆ పని? మీలో ఎవరన్నా ఇల్లు కొనేముందు చేసినారా?

రెండు వేల ఇరవై మూడు మొదట్లో సంగతి ఇది. మా ఆఫీసు కుందలహళ్ళిలో, బిర్యానీ హోటల్ పైన ఒకటే గది. నేను పుట్టి పెరిగింది బెంగళూర్లోనే, మా నాయన చిక్కపేటలో చీరల అంగడిలో గుమాస్తా. నా పని ఏందంటే, బాడిగ వచ్చేదానికి ఇల్లు కొనాలనుకునేవాళ్ళకి ఏ ఏరియాలో కొనాల, ఎట్లాంటిది కొనాల అని చెప్పడం. ఫ్లాటా, వరస రూములా, పీజీ హాస్టల్ బిల్డింగా అని.

ఈ పనిలో రెంటల్ యీల్డ్ అని ఒకటి ఉండాది. ఇంటికి పెట్టిన దాని మీద ఏడాదికి బాడిగ ఎంత శాతం వస్తుందో అది. వేకెన్సీ అని ఇంకొకటి, ఇల్లు ఖాళీగా పడుండే నెలలు. ఫ్లాట్‌కి యీల్డ్ తక్కువ, కానీ మంచి కుటుంబం చేరిందంటే మూడేండ్లు కదలదు. పీజీకి యీల్డ్ ఎక్కువ, కానీ పక్కన ఆఫీసులు ఉన్నంతవరకే. ఈ చివరి ముక్క నేను అందరికీ చెప్తా ఉంటాను. చెప్తా ఉంటాను అంతే, నేను కూడా దాన్ని పెద్దగా నమ్మేదాన్ని కాదు.

నారాయణప్ప మేస్త్రీ వచ్చింది అప్పుడే. హిందూపురం పక్క ఊరు, ముప్పై ఏండ్ల కిందట బెంగళూరుకి వచ్చినాడు. సెంట్రింగ్ పని. స్లాబ్ పోసేముందు కింద కట్టెలు, షీట్లు నిలబెడతారే, అది. మా ఆఫీసు మెట్లు ఎక్కేదానికి ఆయనకి ఐదు నిమిషాలు పట్టింది. వెనక ఆయన భార్య రత్నమ్మ, ఒక చేత్తో ఆయన భుజం, ఇంకో చేత్తో కాగితాల సంచి పట్టుకొని.

"మోకాళ్ళు పోయినాయి పాపా," అన్నాడు కూర్చుంటానే. "డాక్టరు ఇంగ సెంట్రింగ్ ఎక్కొద్దు అనేసినాడు. ఎక్కకుంటే తినేదెట్ల? ఏదన్నా బాడిగలొచ్చేది ఒకటి చూపియ్యి. కింద కూసోవాల. అంతే నాకు."

"అంతే అంట," అంది రత్నమ్మ. "ముప్పై ఏండ్లు ఈయప్ప పైన ఉండాడు, నేను కింద నిలబడి పడతాడేమో అని చూస్తా ఉండాను. నాకూ మెడ నొప్పే."

చాలా ఏండ్ల కింద ఒక ఓనర్ పని డబ్బులకి బదులు కె.ఆర్. పురం అవతల ఒక సైట్ రాసిచ్చినాడంట. అప్పుడు ఆ పక్క నక్కలు తిరిగేవి. ఇప్పుడు ఆ సైట్ రేటు చూస్తే మేస్త్రీకే నవ్వొస్తుంది. దాన్ని అమ్మి, కొంచెం బ్యాంక్ లోన్ కలిపి, ఏదో ఒకటి కొనాల. ఆయన మనసులో ఒకటి పెట్టుకొనే వచ్చినాడు. హెబ్బగోడిలో వరస రూములు. పది రూములు, ఒక్కోదాంట్లో చిన్న వంట కట్ట, వెనక బాత్రూం. ఫ్యాక్టరీ పనోళ్ళు ఉంటారు.

నేను నవ్వేసినాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

"అన్నా, హెబ్బగోడి బాడిగలు ఎంతో తెలుసా? ఇక్కడ చూడు," అని ఫోన్ ఆయన ముందర పెట్టినాను. "పది మంది దగ్గర నెలనెలా నువ్వే తిరిగి వసూలు చేసుకోవాల. మోటార్ కాలిపోయిందంటే నీకే ఫోన్. ఈ మోకాళ్ళతో తిరుగుతావా?"

"పనోళ్ళు యాడికీ పోరు పాపా. ఫ్యాక్టరీ ఉంటాది, వాళ్ళుంటారు."

"ఇక్కడ మన పక్కన సాఫ్ట్‌వేర్ ఆఫీసుల టెక్ పార్క్ ఉండాది కదా? అది ఎక్కడికి పోతుంది?"

ఆయన ఫోన్ నా పక్కకి తోసినాడు. పార్క్ ఎక్కడికీ పోదని నాకూ తెలీదు, కానీ ఫోన్ నా చేతిలో ఉండె.

నేను చూపించింది పన్నెండు గదుల పీజీ బిల్డింగ్. చిన్న సైట్‌లో నాలుగంతస్తులు, టెక్ పార్క్ వెనక సందులో. పార్క్ మెయిన్ గేటు దూరమే, కానీ సందు చివర ఒక వెనక గేటు ఉండె. మ్యాప్‌లో పెడితే ఆరు నిమిషాల నడక. నేను లెక్కబెట్టింది ఆ గేటు దగ్గరే. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదిన్నర వరకు ఆగకుండా జనం. ఆ గేటు వల్లే ఆ సందులో తొమ్మిది పీజీలు, రెండు టిఫిన్ సెంటర్లు, ఒక ఇస్త్రీ బండి. పీజీ నడిపేదానికి ఆపరేటర్ ఒకడు ఉంటాడు. బిల్డింగ్ మొత్తం వాడే తీసుకొని, మంచాలు వేసి, వంట పెట్టి, ఉద్యోగాలు చేసే పిల్లల్ని చేర్చుకుంటాడు. ఓనర్‌కి నెలకి ఒకటే బాడిగ. తిరిగే పని లేదు. మోకాళ్ళు పోయిన మనిషికి ఇంతకన్నా మంచి ప్రాపర్టీ టైప్ ఏముంటుంది, చెప్పండి.

మేస్త్రీ ఇల్లు చూసిన పద్ధతి మీరు చూసుండాల్సింది. రూపాయి బిళ్ళ తీసి గోడలు తట్టినాడు. కాలమ్ దగ్గర బొటనవేలు పెట్టి కొలిచినాడు. కింద నీళ్ళ సంప్ మూత ఎత్తి తల లోపలికి పెట్టి వాసన చూసినాడు. కూర్చోలేక, ఒక చెయ్యి నేల మీద పెట్టి పక్కకి ఒరిగి చూసినాడు. "బిల్డింగ్ బాగుండాది. కట్టినోడు సిమెంట్ దొంగిలించలేదు," అన్నాడు. ఆయన నోట్లోంచి అది సర్టిఫికెట్ లెక్క.

తర్వాత నేనే ఆయన్ని గేటు చూపించేదానికి తీసుకుపోయినాను. షో చేసుకునేదానికి. పొద్దున తొమ్మిది గంటలు, పిల్లలు గుంపులు గుంపులుగా పోతా ఉండారు. మేస్త్రీ జనాన్ని చూడలేదు. గేటును చూసినాడు. రెండు రేకు తలుపులు, పక్కన కాలమ్ కూడా లేదు, కాంపౌండ్ గోడ అక్కడికి వచ్చి తెగి ఉండాది అంతే.

"ఇది గేటు కాదు పాపా," అన్నాడు.

"మరేంది?"

"మెటీరియల్ గేటు మాదిరి ఉండాది. లోపల బిల్డింగ్ కడతా ఉన్నప్పుడు లారీలు పోయేదానికి గోడ ఒక పక్క కట్టకుండా ఇడిచిపెడతారు. పని అయిపోతే మూసేస్తారు. ఇట్లాంటివి నేనే ఎన్నో మూసినా."

"అన్నా, లోపల పని అయిపోయి ఎన్నేండ్లయింది?"

"ఆ పక్క ఇంగొకటి లేస్తా ఉండాది సూడు," అని వేలు చూపించినాడు. నిజమే, లోపల ఇంకొక టవర్, ఆకుపచ్చ వల కట్టి.

"ఇన్ని వేల మంది రోజూ పోయే దారి ఎవరన్నా మూస్తారా? మూస్తే ఆ పిల్లలే గొడవ చేస్తారు. నువ్వు కట్టే సైట్లు వేరే, ఇది వేరే."

గట్టిగానే అన్నాను. నాకు ఎదురు చెప్తే తట్టుకోలేను, అందరికీ తెలిసిందే. ఆయన నా ఫోన్ వైపు ఒకసారి, గేటు వైపు ఒకసారి చూసి, "సదువుకున్నోళ్ళు, మీకు తెలుస్తాది," అన్నాడు. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అదే నన్ను ఇప్పుడు నిద్ర పోనివ్వదు. ముప్పై ఏండ్లు గోడలు కట్టిన మనిషి, గోడ గురించి, నా మాట నమ్మినాడు.

కొన్నాడు. మొదటి ఏడాది అన్నీ నేను చెప్పినట్టే జరిగినాయి. పన్నెండు గదులూ నిండినాయి, వేకెన్సీ సున్నా. మేస్త్రీ కింద పార్కింగ్‌లో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని, తెల్ల చొక్కా వేసుకొని కూర్చునేవాడు. ఆపరేటర్ వద్దన్నా పొద్దున లేస్తానే వచ్చి కూర్చునేవాడు. పిల్లలకి గీజర్ పని చేయకపోతే చూసేవాడు. నేను ఆయన మీద ఒక రీల్ కూడా చేసినాను, సెంట్రింగ్ మేస్త్రీ పీజీ ఓనర్ అయినాడు అని. దాన్ని చూసి నాకు నలుగురు క్లయింట్లు వచ్చినారు. రత్నమ్మ ఫోన్ చేసి, "ఈయప్ప కింద కూసోని నాకు పని చెప్పడం నేర్చుకున్నాడు. మళ్ళా పైకి ఎక్కించెయ్యి పాపా," అని నవ్వింది.

ఆ నవ్వు కూడా గుర్తుంచుకోవాల్సిందే నేను.

ఇంకొక ఆరు నెలలకి ఆపరేటర్ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్. "మేడం, గేటు మూసేసినారు. సెక్యూరిటీ వాళ్ళు ఇంక మెయిన్ గేటే అంటా ఉండారు." నేను నమ్మలేదు. బండి వేసుకొని పోయినాను. రేకు తలుపులు లేవు. కొత్త సిమెంట్ బ్లాక్ గోడ, పైన ముళ్ళ తీగ. లోపల కొత్త టవర్ పూర్తయింది, ఆకుపచ్చ వల లేదు. పిల్లలు గొడవ చేస్తారన్నాను కదా? చేసినారు. గ్రూపుల్లో రెండు రోజులు మీమ్స్ పెట్టినారు. మూడో రోజు నుంచి ఇల్లు వెతుక్కునే యాప్ తెరిచినారు. చుట్టూ తిరిగి మెయిన్ గేటుకి పోవాలంటే నలభై నిమిషాలు, అది కూడా ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద. ఆటోకి పెట్టేదాంతో మెయిన్ గేటు ఎదురుగానే బెడ్ దొరుకుతుంది.

మేస్త్రీని తీసుకుపోయినాను. ఆయన గోడ దగ్గరికి పోయి చెయ్యి పెట్టి తడిమినాడు. మళ్ళా కొంచెం దూరం వచ్చి, ఒక కన్ను మూసి పై వరస చూసినాడు.

"లెవెల్‌గా కట్టినారు," అన్నాడు. "గట్టి పని. ఇప్పుడిప్పుడే పడిపోయేది కాదు."

నేను అక్కడే ఏడ్చేసినాను. కోపంతో ఏడ్చినాను. ఆయన నన్నే ఓదార్చినాడు. "పో పాపా, నువ్వేం చేస్తావు, గోడ నువ్వు కట్టినావా."

ఆపరేటర్‌తో లాక్-ఇన్ రాసుకున్నాం, అంటే ఇన్ని నెలల వరకు ఖాళీ చేయకూడదని. ఆ నెలలు ఎప్పుడో అయిపోయినాయి. వాడు మంచాలు, ఫ్రిజ్, వంట గిన్నెలు అన్నీ ఒకే లారీలో ఎక్కించుకొని పోయినాడు. వాడి తప్పు కూడా ఏమీ లేదు, వాడూ మనిషే.

సరే, పీజీ కాకపోతే కుటుంబాలకి ఇద్దాం అన్నాను. ఇక్కడ ప్రాపర్టీ టైప్ అనే దానికి అసలు అర్థం నాకు తెలిసింది. పీజీ గదిలో వంటిల్లు ఉండదు. ఒక మంచం పట్టే గది, బాత్రూం, అంతే. నీళ్ళ పైపు బాత్రూంలోకే వస్తుంది, పొయ్యి పెట్టేదానికి కట్ట లేదు, పొగ పోయేదానికి కిటికీ లేదు. కుటుంబం వచ్చి చూసి, "స్టవ్ ఎక్కడ పెట్టాల?" అని ఒక్క మాట అడిగి వెళ్ళిపోతుంది. మేస్త్రీ రెండు గదులు కలిపి వంటిల్లు కట్టాలని చూసినాడు, మధ్య గోడలో పైపులన్నీ ఉండాయి. "ఇది పీజీకే పుట్టిన బిల్డింగ్. ఇంగ దేనికీ పనికి రాదు," అన్నాడు. హెబ్బగోడి రూముల్లో ఆ చిన్న వంట కట్ట మాట విని నేను నవ్విన నవ్వు గుర్తొచ్చింది.

మిగిలింది అమ్మడం. ఇప్పుడు నేను చెప్పేది విని నన్ను తిట్టండి, పరవాలేదు.

మ్యాప్‌లో ఆ గేటు ఇంకా తెరిచే ఉండె. బిల్డింగ్ దగ్గర నిలబడి పెడితే ఆరు నిమిషాలు అనే చూపిస్తుంది. తప్పు అని ఫోన్లో ఒక రిపోర్ట్ కొడితే ఆ దారి తీసేస్తారు. నేను కొట్టలేదు. ఆ సందులో తొమ్మిది పీజీల ఓనర్లకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉండాది, దాంట్లో ఎవరో పెట్టినారు: "దయచేసి ఎవ్వరూ రిపోర్ట్ చేయొద్దండి." అందరూ దండాలు పెట్టే బొమ్మలు పెట్టినారు. మేస్త్రీ తరఫున దాంట్లో ఉండేది నేనే, నేనూ పెట్టినాను.

ఒక ఆదివారం పొద్దున ఒక కొత్త జంట వచ్చినారు, అనంతపురం వాళ్ళు, ఇద్దరూ ఉద్యోగాలు. పిల్లోడు ఫోన్ చూసి, "అరే, పార్క్ ఆరు నిమిషాలే," అన్నాడు. అమ్మాయి, "మన లోన్ బాడిగతోనే తీరిపోతుంది కదా," అంది. నేను నోరు మూసుకొని నిలబడినాను. చిన్నగా నవ్వినాను కూడా. ఇంక అడ్వాన్స్ మాటకి వస్తా ఉండారు.

మేస్త్రీ కుర్చీలోంచి లేచినాడు. లేచేదానికి ఆయనకి టైం పడుతుంది, అంతసేపూ నేను కళ్ళతో వద్దు వద్దు అంటానే ఉండాను.

"ఆ గేటు మూసేసినారప్పా," అన్నాడు. "గోడ కట్టేసినారు. సుట్టూ తిరిగి రావాల. ఫోన్లో ఉండేది పాతది."

వాళ్ళు థ్యాంక్స్ చెప్పి వెళ్ళిపోయినారు. థ్యాంక్స్! నేను పార్కింగ్‌లో అరిచినాను.

"అన్నా, నీకు బుద్ధుండాదా? నేను నీ కోసం అబద్ధం మోస్తా ఉంటే నువ్వే దించేస్తావా? మళ్ళా పైకి ఎక్కాలని ఉండాదా నీకు?"

"ఆ పిల్లోడు లోన్ తీసుకుంటాడంట పాపా. ఇన్నావు కదా."

"నువ్వూ తీసుకున్నావు కదా!"

"అందుకే," అన్నాడు.

రత్నమ్మ పక్కనే ఉండె. కుర్చీ ఎత్తి లోపల పెట్టింది.

నేను రెండు రోజులు వాళ్ళ ఫోన్ ఎత్తలేదు. మూడో రోజు నేనే చేస్తే, ఎత్తింది రత్నమ్మ. ఆయన సర్జాపుర రోడ్డులో ఒక సైట్‌లో ఉండాడంట. సెంట్రింగ్. మూడో అంతస్తు స్లాబ్. "మాత్ర ఏసుకొని ఎక్కుతాండాడు. నేను కిందే ఉండా," అంది. వెనక మిక్సర్ తిరిగే శబ్దం. ఇప్పుడు ఆ పన్నెండు గదుల్లో మూడిట్లో క్యాబ్ డ్రైవర్లు ఉండారు, మిగతావి ఖాళీ. వచ్చే బాడిగ బ్యాంకుకే చాలదు.

హెబ్బగోడి కొనుంటే బాగుండేది కదా అంటారు అందరూ. నేనూ అదే అనుకొని, నన్ను నేను పూర్తిగా తిట్టుకుందామని ఆ వరస రూములు చూసేదానికి పోయినాను. పదిట్లో ఏడు తలుపులకి తాళం. టు-లెట్ బోర్డు ఎండకి తెల్లబడిపోయింది. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉండాది. కానీ వాళ్ళే లోపల హాస్టల్ కట్టుకున్నారు, పనోళ్ళని అందులోనే పెడతా ఉండారు. అక్కడి ఓనరమ్మ నన్ను చూసి, రూము కోసం వచ్చినాననుకొని పరిగెత్తుకొని వచ్చింది. వంట కట్ట తుడిచి చూపించింది. నేను ఏం చెప్పాలో తెలీక, మళ్ళా వస్తానక్కా అని అబద్ధం చెప్పి వచ్చేసినాను.

ఈ కేసు నాకు ఏం నేర్పింది అని అడుగుతారు. గేటు ఎవరిదో అడగమని నేర్పింది, సరే, ఇప్పుడు అడుగుతాను. సెక్యూరిటీ వాళ్ళని, మేస్త్రీలని, టీ అంగడోళ్ళని, అందరినీ అడుగుతాను. వాళ్ళకీ తెలీదు. తెలిసినోళ్ళు యాభై అంతస్తుల అవతల ఏసీ గదిలో ఉంటారు, నా ఫోన్ ఎత్తరు. నేను యీల్డ్ లెక్కలు కడతాను, నడక నిమిషాలు చూస్తాను, వంటిల్లు ఉండాదా అని చూస్తాను, జనాన్ని లెక్కబెడతాను. ఇన్నీ చేసి ఒక మనిషికి "ఇక్కడ కొను" అని చెప్పేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపిస్తుంది. అయినా చెప్తాను, అదే నా పని, నేనూ బాడిగ కట్టాల కదా. మ్యాప్‌లో ఆ ఆరు నిమిషాలు ఇంకా అట్లే ఉండాయి, నేను ఇంకా రిపోర్ట్ కొట్టలేదు. మిగతా ఎనిమిది మంది ఓనర్ల ముఖాలు చూసినాక నా వేలు ముందుకు పోదు.

మీరంతా తెలివైనోళ్ళు, ఏరియా చూసి కొంటే మునగరు అంటారు కదా. అయితే ఒక్క పేరు చెప్పండి. ఈ ఊర్లో ఇంకొకరు ఒక గోడ కట్టినా, ఒక హాస్టల్ కట్టినా ఖాళీ కాని సందు ఒక్కటి చూపించండి. నారాయణప్ప మేస్త్రీని నేను ఈ రోజే ఆ స్లాబ్ మీద నుంచి దించి, చెయ్యి పట్టుకొని మీ దగ్గరికి తీసుకొస్తాను. ఆయన మోకాళ్ళు చూస్తా, ఆయన ముందర నిలబడి, "ఇక్కడ కొను" అనే ధైర్యం మీలో ఎవరికుండాది?